పరదేశమునకు పరిచర్యకు వెళ్లేముందు

(శతవత్సర ఉత్సవముల సందర్భమున యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాట్లాడమని కోరిన కార్యదర్శిగారు విషయమును ఒక చీటీమీద వ్రాసి పంపించారు: "విదేశములలో స్వచ్ఛంద సేవ, మన యువజనుల బాధ్యత." శతవత్సర కానుకలోనుండి కొంత మొత్తము తీసి, వచ్చే వేసవిలో ఇరవైమంది యువజనులను రెండు వారములకు నేపాలు పంపవలెనని కమిటీలో ఆలోచన ఉన్నదట. నేను ఒకసారి కాదు, రెండుసార్లు వెళ్లివచ్చినవాణ్ణి గనుక ప్రోత్సాహకరముగా నాలుగు మాటలు చెప్పమన్నారు. ప్రోత్సాహము సంగతి నేను హామీ ఇవ్వలేను. మేము చేసిన పొరపాట్లు మాత్రము దాచకుండా చెబుతాను. విన్న తరువాత ఎవరిని పంపాలో, అసలు పంపాలో వద్దో కమిటీవారే తేల్చుకోవచ్చు.

నేను రోడ్లు భవనాల శాఖలో ఓవర్సీయరుగా పనిచేసి 2011లో పదవీ విరమణ చేశాను. 2015 ఏప్రిల్ 25, శనివారము, మధ్యాహ్నము 12 గంటలు కావస్తుండగా నేపాలులో భూకంపము వచ్చింది. తీవ్రత 7.8. కేంద్రము గోర్ఖా జిల్లాలోని బార్పాక్ గ్రామము దగ్గర. అక్కడ వారపు సెలవు శనివారము. అందుచేత నేపాలు సంఘములు ఆరాధనకు కూడుకొనేది శనివారమే. మనము ఆదివారము గుడిలో ఉండే వేళకు, ఆ శనివారము వారు గుడిలో ఉన్నారు. కొన్నిచోట్ల మందిరములు ఆరాధికులమీదనే కూలినవి. మే 12న 7.3 తీవ్రతతో మరొకటి వచ్చింది. మొత్తముమీద దాదాపు 9,000 మంది చనిపోయారు. సుమారు 5 లక్షల ఇండ్లు నేలమట్టమైనవి.

ఈ సంగతి విని మన హృదయములు కరిగినవి. మరుసటి ఆదివారమే ప్రత్యేక కానుక పట్టాము. ఆ డబ్బు పంపి ఊరుకొనక, మనమే వెళ్లాలి అన్న ఉత్సాహము పుట్టింది. ఆ ఉత్సాహము పుట్టించినవారిలో నేనూ ఒకణ్ణి. మే నెలాఖరుకు పదకొండుమందిమి బయలుదేరాము. నేను, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక స్టాఫ్ నర్సుగారు, తక్కినవారు డిగ్రీ చదివే పిల్లలు. జట్టులో రాయిమీద రాయి పేర్చినవాడు ఒక్కడు లేడు. నర్సుగారికి మాత్రము దిగిన రోజునుండి తిరిగి ఎక్కిన రోజువరకు చేతినిండా పని దొరికింది. తక్కిన పదిమందికి పని వెదికిపెట్టడమే ఆ ఊరివారికి ఒక పని అయింది.

హైదరాబాదునుండి ఢిల్లీ, అక్కడినుండి కాఠ్మండు విమానములో వెళ్లాము. రానుపోను టికెట్లకు 2,75,000 రూపాయలైనవి. కాఠ్మండులో ఉన్నది ఒక్కటే రన్‌వే. సహాయ సామగ్రి తెచ్చే బరువైన విమానముల తాకిడికి అది దెబ్బతిని, మే మొదటివారములో పెద్ద విమానములను రానీయక నిలిపివేయవలసి వచ్చింది. అట్టి విమానాశ్రయములో మేము కెమెరాలు మెడలో వేసుకొని దిగాము. మూటలు కట్టిన పాత బట్టలను ముందుగా రైలులో పంపాము. అవి సరిహద్దు కస్టమ్సు దాటేసరికి మేము తిరిగి ఇంటికి వచ్చేశాము. వాటిని కొండపైకి చేర్చిన బండి కిరాయి ఆ సంఘమువారే కట్టుకొన్నారని తరువాత తెలిసింది. అందులో సగము జరీ చీరలు, పట్టుపావడాలు. చలికి కప్పుకొనే దుప్పటి ఒక్కటీ లేదు.

గోర్ఖా బజారు దాటి, బస్సు ఆగిన చోటినుండి రెండు గంటలు ఎక్కితే మేము ఉన్న ఊరు వస్తుంది. ఊరి పేరు చెప్పను. అక్కడివారికి అది ఇష్టముండదు. సంఘ కాపరి నలుబది అయిదేళ్లవాడు. నన్ను మొదటి రోజే "దాయి" అన్నాడు. అంటే అన్న అని. అక్కడ విశ్వాసులు ఒకరినొకరు "జయ్ మసీహ్" అని పలుకరించుకుంటారు. అందరూ టార్పాలిన్ల క్రింద పడుకుంటున్నారు. మాకు మాత్రము ఉన్నవాటిలో మంచి టార్పాలిన్ ఇచ్చారు. పూటపూటా వేడివేడి అన్నము, పప్పు, ఆకుకూర పెట్టారు. ఇంతటి కష్టములో కూడ వీరికి భోజనమునకు లోటు లేదని మేము సాయంకాల ప్రార్థనలో దేవునికి స్తోత్రములు చెల్లించాము.

మేము తిన్నది ఎవరి అన్నమో రెండేళ్ల తరువాత గాని నాకు తెలియలేదు. ఆ కొండలలో వారి రోజువారీ తిండి ధిఁడో. మొక్కజొన్న పిండితోనో రాగులవంటి ధాన్యపు పిండితోనో మరుగుతున్న నీళ్లలో కెలికి చేస్తారు. అచ్చము మన సంకటి. రాయలసీమవారైతే కళ్లు మూసుకొని తినేస్తారు. సహాయ సంస్థలవారు ఇంటింటికి కొలిచి ఇచ్చిన బియ్యమును ఆరు కుటుంబములవారు తెచ్చి కాపరిగారి భార్య దగ్గర పోశారట. "మీరు దక్షిణమువారు, అన్నము లేనిదే ఉండలేరని విన్నాము దాయి" అన్నది ఆమె. ఎత్తిపొడుపుగా కాదు, లెక్క చెప్పినట్లు చెప్పింది. వారికి సహాయముగా వచ్చిన బియ్యమును, సహాయము చేయడానికి వెళ్లిన మేము పదహారు రోజులు తిన్నాము.

నీళ్ల కథ కూడ అట్టిదే. భూకంపము తరువాత ఆ కొండలలో ఎన్నో ఊటలు ఎండిపోయినవి, కొన్ని వేరేచోట పుట్టినవి. ఆ ఊరి దగ్గరి ఊట సన్నబడిపోయి, ఆడవారు అరగంట దిగువకు పోయి గాగ్రీలతో మోసుకొస్తున్నారు. గాగ్రీ అంటే రాగి బిందె. మనకు వేసవిలో రెండు పూటలా స్నానము అలవాటు గదా! పదకొండుమందిమి, మనిషికి రెండు బకెట్లు. తెల్లవారేసరికి మా టార్పాలిన్ ప్రక్కన బిందెలు నిండి ఉండేవి. ఎవరు నింపారని ఒక్కరమూ అడుగలేదు.

ఇక ఇల్లు సంగతి. ఇది చెప్పడానికే నేను ఇక్కడికి వచ్చాను.

ఆ సంఘములో ఒక విధవరాలు ఉన్నది. భర్త గల్ఫులో పనిచేస్తూ, భూకంపానికి రెండేళ్లు ముందే చనిపోయాడు. ఇద్దరు పిల్లలు. ఆమె ఇల్లు పూర్తిగా కూలింది. మేము తెచ్చిన సొమ్ముతో ఆమెకు ఒక గది కట్టి ఇవ్వాలని నిర్ణయించుకున్నాము. ఊరి మేస్త్రి నా ఈడువాడే. "తొందరెందుకు? ముందు రేకులతో పాక వేద్దాము. వానలు వెళ్లిపోనివ్వండి. సర్కారువారు ఏదో నమూనా ఇస్తారంటున్నారు, అది చూసి కడదాము" అని హిందీలో చెప్పాడు. నేను ముప్పదియేళ్లు కట్టడములు కట్టించినవాణ్ణి. నాకు చెప్పవచ్చాడా అనుకొన్నాను. పైగా మాకు పదహారు రోజులే ఉన్నవి. తిరుగు టికెట్టుమీది తేదీయే ఆ ఇంటికి ఇంజనీరు అయింది.

రాయి, సిమెంటుతో నాలుగు గోడలు లేపాము. పిల్లలు రాళ్లు మోసి చేతులు బొబ్బలెక్కించుకొన్నారు. వారి శ్రమను నేను తక్కువచేసి మాట్లాడను. పైన రేకులు వేశాము. మేము ఇక్కడే చెక్కించుకొని వెంట తీసుకెళ్లిన గ్రానైటు పలకను గుమ్మము ప్రక్కన బిగించాము. దానిమీద మన సంఘము పేరు, తేదీ, తెలుగులోను ఇంగ్లీషులోను ఉన్నవి. ఆ ఇల్లాలికి ఆ రెండూ రావు. ఫోటోలు తీసుకొని వచ్చేశాము. ఆ ఫోటో మన గుడి వరండాలో మూడేళ్లు వ్రేలాడింది. మీలో కొందరు చూసే ఉంటారు.

2015 డిసెంబరులో నేపాలు ప్రభుత్వము పునర్నిర్మాణమునకు ప్రత్యేక సంస్థను ఏర్పరచింది. ఇల్లు కోల్పోయినవారు తమ ఇల్లు తామే కట్టుకోవలసి ఉండేది, నిబంధనల ప్రకారము కడితే ప్రభుత్వము మూడు విడతలుగా 3 లక్షల నేపాలీ రూపాయలు ఇచ్చేది. మన డబ్బులో 1,87,500. మొదటి విడత 50,000 ఒప్పందము కాగానే ఇచ్చేవారు. పునాది లేచాక 1,50,000, గోడలు లేచాక మిగిలిన లక్ష. ఒక్కో విడతకు ముందు ఇంజనీరు వచ్చి చూసేవాడు. చూడక తప్పదు, ఎందుకంటే మొదటిసారి మనుషులను చంపింది గోడలే. రాతిగోడకు లోపలి ముఖము, బయటి ముఖము రెండు పొరలుగా పేర్చి మధ్య చిల్లర రాళ్లు, మట్టి నింపుతారు. భూమి ఊగితే రెండు పొరలు విడిపోయి, చెరొక ప్రక్కకు ఉబ్బి కూలుతాయి. పైన త్రికోణముగా లేచే బరువైన రాతిగోడ అయితే ముందే ఊడి మీద పడుతుంది. 1993లో లాతూరు దగ్గర వేలమంది చనిపోయింది కూడ ఇటువంటి గోడల క్రిందనే. ఆ వార్తలు నేను ఉద్యోగములో ఉండగా చదివినవే. చదివి ప్రక్కన పెట్టిన సంగతులు చేతికి రావు.

ఇంజనీరు వచ్చి మేము కట్టిన గది చూశాడు. నేలమట్టములో లేదు, కిటికీ క్రింద లేదు, ద్వారబంధము పైన లేదు, ఎక్కడా చుట్టూ తిరిగే బెల్టు లేదు. గోడ ఈ ముఖమునుండి ఆ ముఖమువరకు పట్టి ఉంచే పొడవాటి రాళ్లు లేవు. పైన త్రికోణము మొత్తము రాయి. రెండవ విడత ఇవ్వడానికి వీలులేదు, పడగొట్టి మళ్లీ కట్టుకోమన్నాడు. ఆమె పడగొట్టలేదు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, ఏడాదికి దగ్గర దగ్గరగా ఊరుకొన్నది. చుట్టుప్రక్కలవారి ఇండ్లు లేస్తున్నవి. ఆమెకు రావలసిన డబ్బు ఆగిపోయింది. 2017 జనవరిలో కాపరిగారు నాకు ఫోను చేసి, చాలాసేపు కుశలములు అడిగి, చివరకు అసలు సంగతి చెప్పారు: "దాయి, అతిథులు కట్టిన ఇల్లు వారిని అడుగకుండా పడగొట్టనంటున్నది. మీరు ఒక మాట చెప్పండి."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫోనులో ఆమెతో చెప్పాను. చెప్పి ఊరుకోలేక ఫిబ్రవరిలో ఒంటరిగా బయలుదేరాను. ఈసారి రైలులో రక్సౌల్ వరకు, అక్కడ సరిహద్దు దాటి బీర్‌గంజ్, నారాయణగఢ్, ముగ్లింగ్ మీదుగా బస్సులో గోర్ఖా. నడుములు విరిగినవి గాని, దారిపొడుగునా నాలుగు మాటలు నేర్చుకొన్నాను. ముగ్లింగులో టీ తాగుతుంటే ఒకాయన నేను భారతీయుడనని తెలిసి, "గ్యాస్ ఎప్పుడు ఆపుతారు మళ్లీ?" అన్నాడు. 2015 సెప్టెంబరు చివరినుండి 2016 ఫిబ్రవరి వరకు సరిహద్దులో లారీలు నిలిచిపోయి అక్కడ గ్యాసు, పెట్రోలు, మందులు దొరకలేదు. అది తాము చేసినది కాదని మన ప్రభుత్వము చెప్పింది. అక్కడి సామాన్య జనము నమ్మలేదు. నేను వాదించలేదు. సేవకు వెళ్లినవాడి వెంట అతని దేశము కూడ వెళుతుందని అప్పుడు తెలిసింది.

మూడు నెలలు ఉన్నాను. ఒక ఇంట్లో అద్దెకు దిగి, భోజనమునకు నెలకింతని ముందే ఇచ్చాను. మొదట తీసుకోనన్నారు. అద్దె ఇస్తేనే ఉంటానన్నాను. ధిఁడో తిన్నాను. స్నానము నాలుగు రోజులకొకసారి. పనిలో నేను మేస్త్రికి హెల్పరును. ఆయన అప్పటికి ప్రభుత్వమువారి శిక్షణ పొంది వచ్చాడు. ఏ రాయి ఎటు పండుకోవాలో ఆయన చూపించేవాడు, నేను అందించేవాణ్ణి. మేము కట్టిన గోడ పడగొట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆ రాళ్లనే ఏరి, మూలలకు పొడవాటివి, కొద్దికొద్ది దూరములో గోడ మందమంతా పట్టేవి వేసి, చుట్టూ చెక్క బెల్టులు పెట్టి, పై త్రికోణము తేలికైన రేకుతో మూశాము. ఒకరోజు మేస్త్రి ఒక రాయిని చేతితో తట్టి, "ఆనాడు మీరు ఇంజనీరుగారని నేను గట్టిగా చెప్పలేదు, తప్పు నాది కూడ" అన్నాడు. ఆయన తప్పు ఏమున్నది? అప్పుడు వినే స్థితిలో నేను లేను.

తక్కిన విడతలు ఆమెకు వచ్చినవి. మా గ్రానైటు పలకను ఆమె నీళ్ల దగ్గర బట్టలు ఉతుక్కొనే రాయిగా వేసుకొన్నది. మంచి నునుపైన రాయి. అంతకన్న మంచి ఉపయోగము నాకూ తోచలేదు.

మొదటి ప్రయాణపు విమాన టికెట్ల సొమ్ము 2,75,000 అని చెప్పాను. ఒక ఇంటికి ప్రభుత్వమిచ్చిన మొత్తము 1,87,500. లెక్క మీరే చూసుకోండి. అట్లని వెళ్లకుండ డబ్బే పంపితే చాలునా అని ఒక యువకుడు నన్ను అడిగాడు. చాలుననను. రెండవసారి నేను వెళ్లకపోతే ఆ గోడ పడేది కాదు. కాని మొదటిసారి వెళ్లకపోతే అది లేచేదే కాదు.

పిల్లల విషయము కూడ చెప్పాలి, అది మీలో చాలామందికి నొప్పి కలిగించవచ్చు. 2015లో తిరుగు ప్రయాణములో కాఠ్మండులో రెండు రోజులు ఆగి ఒక బాలల గృహమునకు వెళ్లాము. పిల్లలు వరుసగా నిలబడి పాటలు పాడారు. మా జట్టులోని అమ్మాయిలను గట్టిగా పట్టుకొని "వెళ్లవద్దు" అని ఏడ్చారు. అందరమూ కన్నీళ్లతో జేబులు ఖాళీచేసి వచ్చాము. నేపాలులో ఇట్టి గృహములలో అత్యధిక భాగము కాఠ్మండు లోయ, పోఖరా, చిత్వన్ వంటి పర్యాటకులు తిరిగే చోట్లనే ఉన్నవి. అనాథలు పర్యాటకులు తిరిగే జిల్లాలలోనే పుట్టరు గదా! చదువు చెప్పిస్తామని పల్లెలనుండి తీసుకొచ్చిన, తలిదండ్రులున్న పిల్లలు వారిలో ఎందరో. భూకంపము తరువాత ఈ రవాణా పెరుగుతుందన్న భయముతో పత్రములు లేకుండా పిల్లలను జిల్లా దాటించకుండా ప్రభుత్వము ఆంక్షలు పెట్టింది. కంబోడియాలో 2005లో 153 ఉన్న గృహములు 2010కి 269 అయినవి. అనాథలు ఆ అయిదేళ్లలో పెరుగలేదు, చూడవచ్చేవారు పెరిగారు. ఆస్ట్రేలియా పార్లమెంటు సంఘమొకటి 2017లో దీనిపై విచారణ జరిపి, ఇది బానిసత్వములో ఒక రూపమన్నది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ కూడ బాలల హక్కుల తీర్మానములో ఇట్టి స్వచ్ఛంద సేవవల్ల కలిగే హానిని ప్రస్తావించింది.

నేను మిషను బోర్డింగులో పెరిగినవాణ్ణి. నాకు తల్లీతండ్రీ ఉన్నారు, కూలిపని. 1963లో అనుకుంటాను, సముద్రము అవతలనుండి ఒక దొరసానమ్మ వచ్చి నాలుగు రోజులు మాతో ఆడింది. నన్ను ఒడిలో కూర్చుండబెట్టుకొని ఫోటో తీయించుకొని, ఉత్తరము వ్రాస్తానన్నది. నేను రెండేళ్లు పోస్టుమాను వచ్చినప్పుడల్లా గేటు దగ్గరకు పరుగెత్తాను. ఆమె మంచిది. మనసులో ఏ చెడు లేదు. ఆ బోర్డింగు లేకుంటే నాకు చదువు లేదు, ఆ మేలు మరువను. అయినా, ఆ నాలుగు రోజులు ఆమె రాకుండా ఉంటే నాకు ఒక దుఃఖము తక్కువై ఉండేది. కాఠ్మండులో మా అమ్మాయిల కొంగు పట్టుకొని ఏడ్చిన ఆ పిల్లలలో నేను ఉన్నానని నాకు ఆ రోజు తోచలేదు. విమానములో తోచింది.

ఇక మరొకటి. మొదటి ప్రయాణములో మావారొకరు సంచినిండా నేపాలీ కరపత్రములు తెచ్చారు. కాపరిగారు చేతులు జోడించి, "ఇవి పంచవద్దు. మీరు వెళ్లిపోతారు, మేము ఇక్కడే ఉంటాము" అన్నారు. మావారికి కోపము వచ్చింది, పిరికితనమనుకొన్నారు. 2015 సెప్టెంబరు 20న అమలులోకి వచ్చిన నేపాలు రాజ్యాంగము ఒకరి మతమును మరొకరు మార్పించడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టునుండి అమలైన శిక్షాస్మృతి ప్రకారము అయిదేళ్లవరకు జైలు, 50,000 రూపాయలవరకు జరిమానా. విదేశీయుడైతే శిక్ష ముగిశాక దేశమునుండి పంపివేస్తారు. ఆ చట్టము న్యాయమా కాదా అని ఇక్కడ తర్కించడం సులువు. మనము చేసిన పనికి పోలీసు స్టేషనుకు పోవలసినవారు మాత్రము వారు. మనకు నేపాలు వెళ్లడానికి వీసా అక్కరలేదు. అది సౌకర్యమే గాని చనువు కాదు.

కష్టములో ఉన్నవారి దగ్గరకు వెళ్లేటప్పుడు రొట్టెను, విశ్వాసమును ఒకే చేతితో అందించకూడదని మన ఒంగోలు చరిత్రయే చెబుతుంది. 1876-78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించారు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో సర్వేయరు పని చేసినవాడు. అంటే చేతిలో ఉన్న విద్యతోనే సహాయము చేశారు. బాప్తిస్మము కోరి వచ్చినవారిని మాత్రము కరవు సాయము ముగిసేవరకు ఆగమన్నారు. తిండికోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయము ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మీకు తెలుసు. ఆ పెద్ద సంఖ్యను మనము గర్వముగా చెప్పుకుంటాము. దానికి ముందు ఆయన ఎన్ని నెలలు ఆగాడో ఎవరమూ చెప్పము.

అజరయ్యగారి మాట కూడ ఒకటి. తిరునెల్వేలినుండి డోర్నకలు ప్రాంతమునకు వచ్చి, తెలుగు నేర్చి, ఇక్కడే మట్టిలో కలిసినవారు. బిషప్ కాకముందు 1910లో ఎడింబరో మహాసభలో నిలబడి, మీ త్యాగములకు కృతజ్ఞులము గాని మాకు కావలసినది స్నేహితులు అనే భావముతో మాట్లాడారు. అప్పుడు ఎందరో నొచ్చుకొన్నారు. నేను చదువుకొనే రోజులలో ఆ సంగతి వింటే మన తరపున మాట్లాడారని ఛాతీ పొంగేది. గోర్ఖానుండి వచ్చిన తరువాత, ఆయన ఇప్పుడు మాట్లాడితే ఆ కుర్చీలలో కూర్చునేది మనమేనని అర్థమైంది.

కనుక కమిటీవారికి నేను చెప్పగలిగినది. మే నెల వద్దు. వానలకు ముందు అక్కడ పొలము పని, నీళ్ల కరవు. రైలున్నచోటికి విమానము వద్దు. ఖర్చు తగ్గుతుంది, పొగ తగ్గుతుంది, గుండెకు కొంచెము సమయము దొరుకుతుంది. బియ్యము వారిది తినక గోర్ఖా బజారులోనే కొని మోయించుకొని వెళ్లండి, మోసినవానికి కూలి ఇవ్వండి. నీళ్ల సీసాల ప్లాస్టిక్కు కొండమీద వదిలితే తీసుకుపోయే మునిసిపాలిటీ అక్కడ ఉండదు. వెళ్లిన ఖాళీ సీసా మీతోనే దిగి రావాలి. పిల్లల ఫోటోలు వద్దు. పలకలు వద్దు.

పోయిన వారము నేనే కాపరిగారికి ఫోను చేశాను. ఇరవైమందిని పంపుదామనుకుంటున్నామని చెప్పాను. కాసేపు మౌనముగా ఉండి, "ఇరవైమందా దాయి? ఎవరింట్లో పడుకుంటారు?" అన్నారు. పోనీ మీకేమి కావాలో చెప్పండి అన్నాను. ఎనిమిదేళ్ల పరిచయములో నేను ఆయనను ఈ ప్రశ్న అడగడం ఇదే మొదలు. ఆయన వెంటనే చెప్పారు, ముందే ఆలోచించుకొన్నవానిలా. దిగువ ఊట దగ్గర తొట్టి కట్టి పైకి పైపులైను వేయాలట. సామాను డబ్బు వారి పంచాయతీ సగము ఇస్తుందట. పని చేసేవారు లేరు. ఊరి మగపిల్లలందరూ ఖతారులోనో మలేషియాలోనో ఉన్నారు. "పైపుల పని వచ్చినవారు ఇద్దరు, దసరా తీహారు పండుగలు వెళ్లాక వచ్చి, చలికాలమంతా ఉండగలిగితే చాలు. మా కుర్రవాళ్లు నలుగురికి ఆ పని నేర్పి వెళితే ఇంకా మంచిది" అన్నారు.

మన సంఘములలో కోనసీమనుండి, కడపనుండి, నిజామాబాదునుండి గల్ఫు వెళ్లి ప్లంబింగు పని చేసి తిరిగి వచ్చినవారు ఎందరో ఉన్నారు. నేపాలీలతో ఒకే గదిలో పండుకొని, ఒకే కుండలో వండుకొన్నవారు. హిందీ వచ్చు, కొందరికి నేపాలీ కూడ వచ్చు. సంఘములో వారిని ఇంతవరకు ఏ కమిటీలోను వేయలేదు. ఈ సదస్సుకు పిలిచినట్లు కూడ నాకు కనబడలేదు. మా వీధిలోనే ఒకాయన ఉన్నాడు, దోహాలో పదకొండేళ్లు పనిచేశాడు. నిన్న సాయంకాలము వెళ్లి అడిగాను. నాలుగు నెలలు అంటే ఇంట్లో ఎట్లా గడుస్తుంది అన్నాడు. న్యాయమైన మాట. ఇరవైమంది ప్రయాణపు ఖర్చుకని అనుకొన్న సొమ్ములో ఇద్దరి కుటుంబములకు నాలుగు నెలల జీతము ఇచ్చినా ఇంకా మిగులుతుంది. లెక్క వ్రాసి, కాపరిగారి ఫోను నంబరుతో సహా కార్యదర్శిగారి చేతికి ఇచ్చాను. దసరాకు ఇంకా సమయమున్నది.